ఘోర నేరస్థులకు శిక్ష తగ్గింపు: పోలీసుల వ్యతిరేకత

హత్య, అత్యాచారం, దోపిడీ హత్య, బాంబు దాడి వంటి తీవ్ర హింసా నేరాల్లో శిక్ష పడ్డవారికి క్షమాభిక్ష పెట్టడాన్ని, గడువుకు ముందే విడుదల చేయడాన్ని, పెరోల్ మీద ఇంటికి పంపడాన్ని పోలీసు శాఖలు, పోలీసు ఉద్యోగుల సంఘాలు వ్యతిరేకించడం అనేక దేశాల్లో కనిపిస్తుంది. బ్రిటన్, అమెరికాల్లో ఈ వ్యతిరేకత బహిరంగంగా సాగుతుంది. సంఘాల నాయకులు ప్రకటనలిస్తారు, ఊరేగింపులు తీస్తారు, విడుదల నిర్ణయించే బోర్డులకు ఉత్తరాలు కుప్పలుగా పంపుతారు. భారతదేశంలో పోలీసు సిబ్బంది సంఘాల మీద, పత్రికలతో మాట్లాడటం మీద 1966 నాటి కేంద్ర చట్టం ఆంక్షలు పెట్టింది. అందుకే ఇక్కడ వ్యతిరేకత చాలావరకు ఫైళ్లలోనే ఉంటుంది. జిల్లా ఎస్పీ జైలుకు పంపే నివేదికలో, 'విడుదల చేస్తే శాంతిభద్రతలకు భంగం' అనే అర్థం వచ్చే ఒక్క వాక్యంగా అది కనిపిస్తుంది. ఆ వాక్యం ఒక మనిషిని మరికొన్నేళ్లు జైల్లో ఉంచగలదు. నిజమైన ప్రమాదాన్ని కనిపెట్టి రాసిందైతే ఒక సాక్షి ప్రాణం నిలబెట్టగలదు. ఎవరినీ విచారించకుండా రాసిందైతే, మారిన మనిషికి ఇంటిదారి మూసేస్తుంది. ఫలితం ఇంత పెద్దది కాబట్టి, ఆ వాక్యం వెనుక విచారణ ఉందా లేదా అన్నదే ఈ విషయంలో అసలు ప్రశ్న.

చట్టంలో పోలీసు మాట

శిక్షను క్షమించే, తగ్గించే అధికారాన్ని రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతికి, 161వ అధికరణం కింద గవర్నర్‌కు ఇచ్చింది. ఇది కాక ప్రభుత్వాలకు నేర విచారణ స్మృతి 432, 433 సెక్షన్లు ప్రత్యేకంగా అధికారం ఇచ్చాయి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇవి 473, 474 సెక్షన్లయ్యాయి. యావజ్జీవ శిక్ష అంటే 14 ఏళ్లేనని జనంలో బలమైన నమ్మకం ఉంది. అది సరికాదు. యావజ్జీవం అంటే బతికినంత కాలమని గోడ్సే కేసులో సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. 14 ఏళ్లన్నది వేరే నిబంధన నుంచి వచ్చిన లెక్క. మరణశిక్షకు అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడినవారిని ప్రభుత్వం విడుదల చేయాలంటే కనీసం 14 ఏళ్లు వాస్తవంగా జైల్లో గడిపి ఉండాలని 1978లో 433ఎ సెక్షన్ చేర్చారు. మారూ రామ్ కేసులో 1980లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అంటే 14 ఏళ్లు నిండినవారికి దక్కేది విడుదలను పరిశీలించమని కోరే హక్కు మాత్రమే.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. శిక్ష తగ్గింపు దరఖాస్తు మీద శిక్ష వేసిన కోర్టు న్యాయమూర్తి అభిప్రాయం తీసుకోవాలని 432 (ఇప్పటి 473) సెక్షన్ చెబుతుంది. పోలీసుల ఊసు అందులో లేదు. ఎస్పీ నివేదిక రాష్ట్రాల జైలు నియమావళుల నుంచి, విడుదల విధానాల నుంచి, ఎన్నో ఏళ్ల ఆనవాయితీ నుంచి వచ్చింది. అయినా ఆచరణలో ఆ నివేదికే ఫైలు గతిని మార్చేస్తుంది. జైలు సూపరింటెండెంట్ పంపిన ప్రతిపాదన ఎస్పీ కార్యాలయానికి చేరుతుంది. అక్కడి నుంచి డీఎస్పీకి, సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కు, చివరికి నేరం జరిగిన ఊరి పోలీసు స్టేషన్‌కు దిగుతుంది. ఒక ఎస్సైయో హెడ్ కానిస్టేబులో ఊరికి వెళ్లి హతుడి కుటుంబాన్ని, ఖైదీ బంధువులను, నలుగురు పెద్దలను అడిగి రాసుకొస్తారు. అదే దారిలో కాగితం పైకి వెళుతుంది. జిల్లా ప్రొబేషన్ అధికారి నివేదిక విడిగా వస్తుంది. నేరం జరిగి 15, 20 ఏళ్లయి ఉంటుంది. అప్పటి దర్యాప్తు అధికారి పదవీ విరమణ చేసి ఉంటాడు. స్టేషన్లో ఆ కేసు తెలిసినవారు సాధారణంగా ఎవరూ మిగలరు. పాత కేసు డైరీ, ఎఫ్ఐఆర్ నకలు చూసి ఇప్పటి ఎస్సై అభిప్రాయం రాయాల్సి వస్తుంది.

ఈ లోపాన్ని జాతీయ మానవ హక్కుల సంఘం బాగా గుర్తించింది. 1999లో రాష్ట్రాలకు పంపి, 2003లో సవరించిన మార్గదర్శకాల్లో శిక్షల సమీక్ష బోర్డులు ఎలా ఉండాలో చెప్పింది. ఇన్‌స్పెక్టర్ జనరల్ స్థాయికి తగ్గని పోలీసు అధికారికి వాటిలో చోటు కల్పించింది. ఎస్పీ యాంత్రికంగా వ్యవహరించరాదని, ఊహాజనితమైన భయాలు చూపి విడుదలను అడ్డుకోరాదని, వద్దంటే బలమైన కారణాలు, ఆధారాలు రాయాలని స్పష్టం చేసింది. పోలీసులు సిఫారసు చేయలేదన్న ఒక్క కారణంతో, అదీ లేనిపోని అనుమానాలే ఆధారమైనప్పుడు, బోర్డు మామూలుగా విడుదలను నిరాకరించకూడదని కూడా చేర్చింది. పోలీసు అభిప్రాయానికి ఇంతకన్నా సరైన స్థానాన్ని ఎవరూ చూపలేదు. దాన్ని వినాలి, దాని ఆధారాన్ని అడగాలి, దానికి కట్టుబడాల్సిన పనిలేదు.

ఎందుకు వద్దంటారు

పోలీసుల అభ్యంతరాన్ని పగ అనో మొండితనం అనో కొట్టిపారేయడం తేలిక. అది అన్యాయం కూడా. మొదటి కారణం సాక్షులు. హత్య కేసులో సాక్ష్యం చెప్పడానికి పల్లెలో ఎవరూ అంత సులువుగా ముందుకు రారు. దర్యాప్తు అధికారి ధైర్యం చెప్పి, రాతకోతలు తానే చూసుకుని, కోర్టు మెట్లెక్కించి, అడ్డం తిరగకుండా కాపాడుకుంటాడు. శిక్ష పడిన మనిషి గడువుకు ముందే ఊళ్లోకి వస్తే మొదట భయపడేది ఆ సాక్షి. సాక్షుల రక్షణకు దేశంలో ఒక పథకం రూపుదిద్దుకుని, సుప్రీంకోర్టు ఆమోదం పొందింది 2018లో. అంతకు ముందు పోలీసు మాటే వాళ్లకున్న అండ.

రెండోది ఎదురుదాడి. రాయలసీమ ఫ్యాక్షన్ గ్రామాల్లో పనిచేసిన అధికారులకు ఇది అనుభవం నేర్పిన పాఠం. జైలు నుంచి వచ్చినవాడు చంపుతాడన్న భయం ఎంత ఉంటుందో, వాడినే చంపుతారన్న భయమూ అంతే ఉంటుంది. అందుకే అక్కడి పెరోల్ నివేదికల్లో ఖైదీ ప్రాణానికి ముప్పు అన్న మాట కూడా కారణంగా కనిపిస్తుంది. మూడోది నేరం జరిగిన చోటును కళ్లారా చూసిన జ్ఞాపకం. శవ పంచనామా చేసినవాడికి, చనిపోయిన పిల్లవాడి తల్లి చేత సంతకం పెట్టించుకున్నవాడికి సత్ప్రవర్తన పత్రం చూపి ఒప్పించడం కష్టం. నాలుగోది తోటి ఉద్యోగి హత్య. యూనిఫాంలో ఉన్నవాడిని చంపినవాడు బయటికొస్తే రేపు తమ ప్రాణానికి విలువేమిటని కానిస్టేబుళ్లు అడుగుతారు. ప్రతి అక్టోబర్ 21న అమరవీరుల పేర్లు చదివే శాఖలో ఈ ప్రశ్నకు బరువుంటుంది.

ఇవన్నీ నిజమైన కారణాలే. అయితే ఇవి నేరం జరిగిన రోజుకు సంబంధించినవి. సమీక్ష బోర్డు అడిగే ప్రశ్న ఈ రోజుకు సంబంధించింది. పాతికేళ్ల వయసులో హత్య చేసినవాడు యాభై దాటాక మళ్లీ చేస్తాడా? వయసుతోపాటు హింసా నేరాల వైపు మొగ్గు తగ్గుతుందన్నది నేరశాస్త్రంలో స్థిరపడిన విషయం. నేరం ఎంత ఘోరమైనదో చెప్పడానికి పోలీసుల దగ్గర సమాచారం దండిగా ఉంటుంది. మనిషి ఎంత మారాడో చెప్పే సమాచారం జైలు అధికారి దగ్గర, ప్రొబేషన్ అధికారి దగ్గర ఉంటుంది.

కోర్టులు గీసిన గీతలు

ఈ తేడాను సుప్రీంకోర్టు 2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులో నిలబెట్టింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం యావజ్జీవ ఖైదీల దరఖాస్తులను పోలీసు నివేదికల్లోని అభ్యంతరాల మీద ఆధారపడి తిరస్కరించింది. సాక్షులు, ఊరివాళ్లు వద్దంటున్నారన్నది అందులో ముఖ్యమైన కారణం. ఖైదీ ప్రమాదకారి అవునో కాదో తేల్చడానికి వాళ్ల అభిప్రాయం కొలబద్ద కాజాలదని కోర్టు చెప్పింది. వయసు ఒక్కటీ చూసి నేరం చేసే శక్తి ఇంకా ఉందనడం కూడా తప్పేనంది. నేరం వ్యక్తిగతమైనదా, సమాజాన్నే తాకేదా? మళ్లీ జరిగే అవకాశముందా? నేరం చేసే సామర్థ్యం పోయిందా? ఇంకా బంధించి ఉంచడం వల్ల ప్రయోజనముందా? కుటుంబ ఆర్థిక, సామాజిక స్థితి ఎలా ఉంది? అప్పుడు కోర్టు ఎత్తి చూపిన ఈ ప్రశ్నలే ఇప్పటికీ శిక్ష తగ్గింపు కేసుల్లో ప్రమాణం. మరుసటి ఏడాది జాహిద్ హుస్సేన్ కేసు కూడా ఇదే బాటలో నడిచింది. న్యాయమూర్తి ఇచ్చే అభిప్రాయానికి కూడా కారణాలు ఉండాలని 2022 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన రామ్ చందర్ కేసు చెప్పింది.

2023 ఆగస్టులో వచ్చిన రాజో కేసు తీర్పు పోలీసులకు అన్నిటికన్నా నొప్పి కలిగించే చోటును తాకింది. బిహార్‌కు చెందిన ఆ ఖైదీకి శిక్ష పడిన హత్యల్లో విధుల్లో ఉన్న పోలీసులవీ ఉన్నాయి. పెరోల్ కూడా లేకుండా అతను 24 ఏళ్లు జైల్లో గడిపాడు. న్యాయమూర్తి, పోలీసులు వ్యతిరేకంగా రాయడంతో దరఖాస్తు ముందుకు సాగలేదు. ఎప్పుడో విచారణ ముగిసిన కేసు రికార్డు చూసి ఇచ్చే అభిప్రాయం మీదే అంతా ఆధారపడితే, జైలు గోడల మధ్య వచ్చిన మార్పును చూసేవారు ఎవరని సుప్రీంకోర్టు ఆలోచించింది. బోర్డు మళ్లీ పరిశీలించాలని ఆదేశించింది. చనిపోయిన పోలీసుల కుటుంబాలకు ఈ మాటలు వినడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అయినా కోర్టు అన్నది సరైనదే. తిరస్కరించే అధికారం బోర్డుకు పోలేదు. కారణం చెప్పి తిరస్కరించమన్నారు, అంతే.

ప్రభుత్వం మారితే మారిన నివేదిక

పోలీసు అభ్యంతరం విలువ దేనిమీద నిలబడుతుందో తెలుగు నేల మీద జరిగిన ఒక కేసు అన్నిటికన్నా స్పష్టంగా చూపింది. 2005 ఆగస్టు 11న అప్పటి ఆంధ్రప్రదేశ్ గవర్నర్ సుశీల్ కుమార్ షిండే, కర్నూలు జిల్లాకు చెందిన ఒక ఖైదీకి మిగిలిన శిక్షను రద్దు చేశారు. అతను అధికార పక్షానికి చెందిన నందికొట్కూరు శాసనసభ్యురాలి భర్త. హత్య కేసులో శిక్ష అనుభవిస్తున్నాడు. హతుల కుటుంబీకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఏపూరు సుధాకర్ కేసుగా న్యాయ గ్రంథాల్లో నిలిచిపోయింది అదే.

ఫైలు తెరిచి చూసిన న్యాయమూర్తులు అరిజిత్ పసాయత్, ఎస్.హెచ్. కపాడియాలకు నివేదికల తీరు ఆశ్చర్యం కలిగించింది. 2004 ఎన్నికలకు ముందు అతన్ని పెరోల్ మీద పంపినా గొడవలు జరుగుతాయని రాసిన జిల్లా యంత్రాంగం, ఎన్నికల తర్వాత అతను బయటికొస్తే ఇబ్బందేమీ లేదని రాసింది. ఖైదీ అదే మనిషి, నేరం అదే, ఊరు అదే. ప్రొబేషన్ నివేదికలో అతన్ని మంచి కాంగ్రెస్ కార్యకర్తగా పేర్కొనడం కోర్టుకు మరింత అభ్యంతరకరంగా కనిపించింది. 2006 అక్టోబర్ 11న ఆ క్షమాభిక్షను కోర్టు కొట్టేసింది. కులం, మతం, రాజకీయ విధేయత వంటి అసంగత కారణాల మీద ఇచ్చిన క్షమాభిక్షను న్యాయస్థానాలు పరిశీలించవచ్చని, ఇలా వంగిపోయే యంత్రాంగం ఉన్నప్పుడు మరింత లోతుగా చూడాలని తీర్పులో రాసింది.

ఈ కేసు గురించి రాసేవారు సాధారణంగా గవర్నర్ అధికారం గురించే మాట్లాడతారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది ఆ జిల్లా కాగితం. ప్రమాదముందని మొదట రాసింది నిజమైతే, రెండో నివేదిక హతుల కుటుంబాలకు జరిగిన ద్రోహం. మొదటిది అబద్ధమైతే, పెరోల్ కోసం అర్జీ పెట్టుకున్నప్పుడు ఖైదీకి జరిగింది అన్యాయం. ఏది నిజమో చెప్పగల ఆధారం రెండింటిలోనూ లేదు. బదిలీకి భయపడే అధికారి ఇచ్చే అభ్యంతరం మీద గానీ ఆమోదం మీద గానీ ఎవరి ప్రాణమూ ఆధారపడరాదు.

కృష్ణయ్య హత్య, బిహార్ నిబంధన

నాటి మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన జి. కృష్ణయ్య ఐఏఎస్ అధికారిగా బిహార్‌లోని గోపాల్‌గంజ్ జిల్లా మేజిస్ట్రేట్‌గా పనిచేస్తుండగా, 1994 డిసెంబర్ 5న ముజఫర్‌పూర్ దగ్గర ఒక అంతిమయాత్రలోని గుంపు ఆయన కారును అడ్డగించి చంపింది. పేద దళిత కుటుంబంలో పుట్టి, చదువుతో అంత దూరం వెళ్లిన మనిషి. గుంపును రెచ్చగొట్టినందుకు రాజకీయ నాయకుడు ఆనంద్ మోహన్‌కు 2007లో మరణశిక్ష పడింది. 2008లో పట్నా హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2012లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది.

విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని చంపినవారికి ముందస్తు విడుదల లేకుండా బిహార్ జైలు నియమావళి అడ్డుకట్ట వేసింది. 2023 ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆ నియమావళి నుంచి ఆ మాటలను తొలగించింది. అదే నెల 27న ఆనంద్ మోహన్ సహర్సా జైలు నుంచి బయటికొచ్చాడు. ఐఏఎస్ అధికారుల సంఘం బహిరంగంగా నిరసన తెలిపింది. హైదరాబాద్‌లో స్థిరపడిన కృష్ణయ్య భార్య సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఒక అధికారి ప్రాణాన్ని కాపాడలేకపోయిన రాష్ట్రం, అతన్ని చంపిన నేరానికి శిక్ష పడ్డవాడి కోసం తన నియమాన్నే మార్చుకోవడం విధుల్లో ఉన్న ప్రతి కానిస్టేబుల్‌కూ చెప్పే కబురు ఏమిటో వేరే వివరించనక్కర్లేదు. పైన చెప్పిన రాజో కూడా బిహార్ ఖైదీయే. అండ లేని ఆ మనిషి 24 ఏళ్లు లోపలే ఉండిపోయాడు. పలుకుబడి ఉన్న మనిషి వంతు వచ్చినప్పుడు అడ్డంగా ఉన్న నిబంధనే సులువుగా మాయమైంది. శిక్ష తగ్గింపును వ్యతిరేకించే పోలీసులైనా, సమర్థించే హక్కుల సంఘాలైనా కలిసి పోరాడవలసిన చోటు ఇదే.

దర్యాప్తు సంస్థ వద్దన్నా

గుజరాత్‌లో 2002 మతహింసలో బిల్కిస్ బానోపై సామూహిక అత్యాచారం, ఆమె మూడేళ్ల కూతురు సహా కుటుంబ సభ్యుల హత్య కేసును సీబీఐ దర్యాప్తు చేసింది. 2008 జనవరిలో ముంబయి ప్రత్యేక కోర్టు 11 మందికి యావజ్జీవం విధించింది. 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వం 1992 నాటి విధానం కింద అందరినీ విడుదల చేసింది. ముంబయి సీబీఐ ఎస్పీ, ప్రత్యేక న్యాయమూర్తి 2021 మార్చిలోనే వద్దని రాసిన సంగతి ఆ తర్వాత సుప్రీంకోర్టులో వేసిన అఫిడవిట్‌తో బయటపడింది. నేరం అత్యంత ఘోరమైనదని, దోషులకు ఎలాంటి కనికరం చూపరాదని సీబీఐ రాసింది. జైలు సలహా సంఘం విడుదలకు సిఫారసు చేసింది. కేంద్ర హోం శాఖ ఆమోదించింది.

2024 జనవరి 8న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఆ విడుదలను రద్దు చేశారు. శిక్ష వేసింది ముంబయి కోర్టు కాబట్టి నిర్ణయించాల్సింది మహారాష్ట్ర ప్రభుత్వమని, గుజరాత్ తనకు లేని అధికారాన్ని వాడుకుందని తేల్చారు. 11 మందీ మళ్లీ జైలుకు వెళ్లారు. ఇక్కడ అభ్యంతరం చెప్పిన పోలీసు అధికారి ఊహలు రాయలేదు. తన సంస్థ స్వయంగా దర్యాప్తు చేసిన నేరం గురించి, రుజువైన వాస్తవాల మీద రాశాడు. ఆ అభ్యంతరానికి సమాధానం చెప్పకుండా పక్కన పెట్టడం ఎంత తప్పో, ఆధారం లేని అభ్యంతరానికి తలొగ్గడం కూడా అంతే తప్పు.

రాజీవ్ గాంధీ హత్య కేసు మరో కోణం చూపుతుంది. 1991 మే 21న శ్రీపెరంబుదూర్ పేలుడులో మాజీ ప్రధానితోపాటు బందోబస్తులోని పోలీసులూ చనిపోయారు. అక్కడ తీవ్రంగా గాయపడి, తర్వాత ఉన్నత స్థానానికి ఎదిగి పదవీ విరమణ చేసిన ఒక మహిళా పోలీసు అధికారి దోషుల విడుదలను చివరిదాకా బహిరంగంగా వ్యతిరేకించారు. అదే కేసులో శిక్ష పడ్డ పేరరివాళన్ వాంగ్మూలం నమోదు చేసిన సీబీఐ మాజీ ఎస్పీ వి. త్యాగరాజన్, అతను చెప్పిన ఒక కీలకమైన మాటను తాను రాయలేదని 2013లో బయటపెట్టారు. కొనిచ్చిన బ్యాటరీలు దేనికో తనకు తెలియదన్నది ఆ మాట. 2022 మే 18న పేరరివాళన్‌ను, నవంబర్ 11న మిగిలిన ఆరుగురిని సుప్రీంకోర్టు విడుదల చేసింది. ఒకే శాఖలో పనిచేసిన ఆ ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడారు. ఒకరు తన శరీరం మోసిన నష్టం గురించి, మరొకరు తన చేతిరాత వల్ల జరిగిన నష్టం గురించి. పోలీసు వ్యతిరేకతకు ఎప్పుడూ ఒకే గొంతు ఉంటుందనుకోవడం పొరపాటు.

బ్రిటన్: 48 ఏళ్ల వివాదం

1966 ఆగస్టు 12న పశ్చిమ లండన్‌లోని బ్రేబ్రూక్ వీధిలో ఒక వ్యాన్‌ను ఆపిన ముగ్గురు పోలీసులను కాల్చి చంపారు. బ్రిటన్‌లో హత్యకు మరణశిక్ష నిలిచిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ప్రధాన దోషి హ్యారీ రాబర్ట్స్ మూడు నెలలు అడవిలో దాక్కుని దొరికిపోయాడు. కనీసం 30 ఏళ్లు జైల్లో ఉంచాలన్న సిఫారసుతో యావజ్జీవం పడింది. ఆ గడువు 1996లో ముగిసినా అతను మరో 18 ఏళ్లు లోపలే ఉన్నాడు. మధ్యలో బహిరంగ జైలుకు మార్చి, ఆరోపణలతో మళ్లీ మూసిన జైలుకు పంపారు. ఆ ఆరోపణలు చేసినవారెవరో బయటపెడితే వారికి ప్రమాదమని, ఆధారాలను రాబర్ట్స్‌కు గానీ అతని న్యాయవాదికి గానీ చూపించలేదు. బదులుగా ప్రత్యేక న్యాయవాదిని పెట్టవచ్చని 2005లో ప్రభువుల సభ న్యాయమూర్తులు ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా తీర్పిచ్చారు. రహస్య సమాచారం మీద నిలిచే అభ్యంతరానికి ఖైదీ ఎలా బదులు చెప్పాలన్న ప్రశ్న అక్కడ తీరలేదు. భారతదేశంలో ఎస్పీ నివేదిక చూడలేని ఖైదీదీ అదే ప్రశ్న.

2014లో 78 ఏళ్ల వయసులో రాబర్ట్స్ విడుదలయ్యాడు. పోలీస్ ఫెడరేషన్ తీవ్రంగా నిరసించింది. లండన్ పోలీసు కమిషనర్ బెర్నార్డ్ హోగన్-హౌ కూడా తప్పుపట్టారు. రాబర్ట్స్ విడుదలను వాళ్లు ఆపలేకపోయారు. చట్టం మాత్రం వాళ్లు కోరినట్టు మారింది. విధుల్లో ఉన్న పోలీసును, జైలు అధికారిని చంపితే జీవితాంతం జైలే మొదటి కొలమానమని 2015లో పార్లమెంటు నిర్దేశించింది. అంతకు రెండేళ్ల ముందు ఫెడరేషన్ మహాసభలోనే హోం మంత్రి థెరెసా మే ఆ హామీ ఇచ్చారు.

అమెరికా: సంఘాల బలం

అమెరికా పోలీసు సంఘాల్లో పెద్దదైన ఫ్రాటర్నల్ ఆర్డర్ ఆఫ్ పోలీస్ 1915లో పిట్స్‌బర్గ్‌లో పుట్టింది. ఫిలడెల్ఫియాలో 1981లో పోలీసు అధికారిని చంపిన కేసులో శిక్ష పడ్డ ముమియా అబూ-జమాల్‌కు మద్దతిచ్చిన వారిని బహిష్కరించాలని 1999లో పిలుపునిచ్చింది. ఎఫ్‌బీఐ ఏజెంట్ల నిరసన మరీ అరుదైనది. 1975లో పైన్ రిడ్జ్‌లో ఇద్దరు ఏజెంట్ల హత్య కేసులో శిక్ష అనుభవిస్తున్న ఆదివాసీ ఉద్యమకారుడు లియొనార్డ్ పెల్టియర్‌కు అధ్యక్షుడు క్లింటన్ క్షమాభిక్ష ఇస్తారన్న వార్తలతో 2000 డిసెంబర్‌లో వందల మంది ఏజెంట్లు వైట్‌హౌస్ ముందు నడిచారు. క్లింటన్ ఇవ్వలేదు. 2025 జనవరి 20న పదవి దిగుతూ బైడెన్ శిక్షను గృహ నిర్బంధంగా మార్చారు. అంతకు కొద్ది రోజుల ముందే ఎఫ్‌బీఐ డైరెక్టర్ క్రిస్టఫర్ రే వద్దంటూ లేఖ రాశారు. పెల్టియర్‌పై కేసును అప్పీళ్ల దశలో పర్యవేక్షించిన ప్రాసిక్యూటర్ జేమ్స్ రేనాల్డ్స్ మాత్రం అతన్ని విడుదల చేయాలని అంతకు ముందే కోరి ఉన్నారు.

న్యూయార్క్‌లో 1971 మే 21న ఇద్దరు పోలీసుల హత్య కేసులో హెర్మన్ బెల్‌కు 2018లో పెరోల్ వచ్చింది. పోలీసు సంఘం మండిపడింది. హతుల్లో ఒకరి భార్య కోర్టుకు వెళ్లి ఓడిపోయారు. రెండో అధికారి కుమారుడు విడుదలను సమర్థించాడు. ఒకే రాత్రి, ఒకే తుపాకులు, రెండు ఇళ్లు. బాధిత కుటుంబాల తరఫున మాట్లాడుతున్నామని సంఘాలు చెప్పేటప్పుడు రెండో ఇంటి మాట వినిపించదు.

అయితే సంఘాలు ప్రతి సడలింపునూ వ్యతిరేకిస్తాయనడం కూడా తప్పే. ఫెడరల్ జైళ్ల ఖైదీలకు కొన్ని వెసులుబాట్లు ఇచ్చిన 2018 చట్టానికి ఫ్రాటర్నల్ ఆర్డర్ మద్దతిచ్చింది. హింసాత్మక నేరాలను తగ్గించే మార్గాల్లో మరణశిక్షకు చివరి స్థానం ఇచ్చింది 2009లో వెలువడిన ఒక సర్వేలో పాల్గొన్న 500 మంది పోలీసు అధిపతులే. అమెరికా పార్లమెంటు భవనంపై 2021 జనవరి 6న జరిగిన దాడిలో పాల్గొన్నవారికి అధ్యక్షుడు ట్రంప్ 2025లో క్షమాభిక్ష పెట్టినప్పుడు, ఎన్నికల్లో ఆయన్ను బలపరిచిన ఫ్రాటర్నల్ ఆర్డరే అంతర్జాతీయ పోలీసు అధిపతుల సంఘంతో కలిసి నిరుత్సాహం ప్రకటించింది. పోలీసులపై హింసకు పాల్పడినవారికి బైడెన్ ఇచ్చిన శిక్ష తగ్గింపులనూ అదే ప్రకటనలో తప్పుపట్టింది. పార్టీ చూడకుండా చెప్పిన అభ్యంతరం కాబట్టి ఆ ప్రకటనకు విలువ వచ్చింది.

ఫైలు దాటిన అసహనం

కోర్టులు మెతకగా ఉంటాయన్న నమ్మకం ముదిరితే ఏమవుతుందో తెలంగాణ చూసింది. 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబర్ 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో పోలీసుల కథనం నమ్మదగినది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. చనిపోయిన అమ్మాయి పట్ల జనానికి కలిగిన దుఃఖం నిజం. ఆ దుఃఖానికి కోర్టులో దొరకవలసిన జవాబు, విచారణే లేకపోవడంతో ఎప్పటికీ దొరకకుండా పోయింది.

ఇప్పటి స్థితి

విడుదల విధానం ఉన్న రాష్ట్రాలు, అర్హత వచ్చిన ఖైదీల దరఖాస్తు కోసం ఎదురు చూడకుండా తామే పరిశీలించాలని 2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఆదేశించింది. విధానం లేని రాష్ట్రాలు రెండు నెలల్లో రూపొందించుకోవాలంది. తిరస్కరిస్తే కారణాలు రాసి ఖైదీకి తెలపాలంది. షరతులు స్పష్టంగా, ఆచరించగలిగేలా ఉండాలని, ఉల్లంఘించారన్న ఆరోపణ వచ్చిన వెంటనే నోటీసు లేకుండా విడుదలను రద్దు చేయరాదని 2024 అక్టోబర్‌లో గుజరాత్‌కు చెందిన మఫాభాయ్ మోతీభాయ్ సాగర్ కేసులో చెప్పింది.

తెలుగు రాష్ట్రాల్లో స్వాతంత్ర్య దినం, గణతంత్ర దినం, గాంధీ జయంతి సందర్భాల్లో ఇచ్చే విడుదల ఉత్తర్వుల మీదా ఈ తీర్పుల ప్రభావం ఉంటుంది. అలా విడుదలైనవారు వ్యక్తిగత బాండు రాసిచ్చి, నిర్ణీత కాలానికోసారి పోలీసు స్టేషన్‌లో హాజరు కావడం మామూలు షరతు. విడుదలను వద్దన్న శాఖకే విడుదలైన మనిషిని కనిపెట్టుకుని ఉండే పని అప్పగించారు. ఆ మనిషి తిరిగొచ్చిన ఊళ్లో ఉండే సాక్షికి, హతుడి కుటుంబానికి ఆ సంగతి ముందుగా తెలియజేసే బాధ్యత మాత్రం ఏ అధికారి మీదా అంత ఖచ్చితంగా పెట్టలేదు.